జావా కింద నిమ్మకాయ

ఆయుధ పూజ నాడు మా వీధిలో ఒక కట్టుబాటు ఉంది. పూజ చేసిన బండి చక్రం కింద నిమ్మకాయ పెడతారు. ఆ కాయను బండి తన బలంతోనే తొక్కాలి. తోసి తొక్కించకూడదు, తాడు కట్టి లాగకూడదు. తొక్కలేని బండి ఇంట్లో ఉండకూడదని మా నాయన అనేవాడు. ఆయన కాలంలో ఇంట్లో ఉన్నది ఎద్దుల బండి ఒక్కటే. అందుకని ఆ మాట అనడం ఆయనకు సులువు.

నా తమ్ముడు జవరయ్య ఆ మాటను గట్టిగా పట్టుకున్నాడు. మహాలయ అమావాస్య నాడు ఇంటినిండా చుట్టాలు తింటూ ఉంటే విస్తరి ముందు కూర్చునే ఆ మాట ఎత్తాడు.

"అన్నా, నీ జావా మోటారుసైకిలు ఈ దసరాకు నిమ్మకాయ తొక్కితే ఉంచుకో. లేదంటే ముక్తియార్‌కు తూకానికి ఇచ్చేద్దాం. దాన్ని చూసి నవ్వని వాడు లేడు."

ముక్తియార్ రామనగరంలో పాత ఇనుము కొంటాడు.

"తొక్కుతుంది" అన్నాను.

"తొక్కకపోతే?"

"నీ ఇష్టం."

అంతకంటే మాట్లాడటం నాకు రాదు. మాట మాత్రం ఇచ్చేశాను. అందరూ విన్నారు.

నేను పట్టుపురుగులు పెంచుతాను. గూళ్లను మూటగట్టి జావా వెనక కట్టుకుని రామనగరం మార్కెట్టుకు నేనే పోతాను. ధర నచ్చితే ఇస్తాను, నచ్చకపోతే తల అడ్డంగా ఊపుతాను. జవరయ్యకు ట్రాక్టరు ఉంది, సరుకుల ఆటో ఉంది. జావా పోతే నా మూటలు అతని ఆటోలో, అతని మూటల కింద పోతాయి. అతను ఎప్పుడు కదిలితే అప్పుడు నేను కదలాలి. అతను ఒప్పుకున్న ధరకు నేను తల నిలువుగా ఊపాలి. దానికన్నా నడిచి పోవడం మేలు. కానీ మోకాళ్లు నడవనివ్వవు.

పండక్కి ముందే డైనమో తీసి చూసుకున్నాను. పాత జావాకు కుడివైపు మూత కింద ఉంటుంది అది. ఇంజను తిరిగితే డైనమో తిరుగుతుంది, కరెంటు పుడుతుంది. ఆ కరెంటు రాగి పట్టీల మీద ఒరుసుకునే రెండు బొగ్గు ముక్కల గుండా బయటికి వస్తుంది. ఇంజనుకు నిప్పురవ్వ ఇచ్చేదీ, దీపం వెలిగించేదీ, బ్యాటరీని నింపేదీ అదే. అది పని చేస్తున్నదో లేదో చెప్పడానికి హెడ్‌లైటు మీద ఒక చిన్న ఎర్ర దీపం ఉంటుంది. డైనమో పని చేస్తే అది ఆరిపోతుంది. వెలుగుతూనే ఉంటే బండి బ్యాటరీని తిని బతుకుతున్నదని అర్థం. తిండి అయిపోగానే ఆగిపోతుంది.

అరిగిన బొగ్గులు మార్చాను. కిక్ కొట్టి, యాక్సిలరేటరు తిప్పి కాస్త రేజు చేయగానే ఎర్ర దీపం ఆరింది. మూత బిగించి, నవమి కోసం చూస్తూ కూర్చున్నాను.

నవమి పొద్దున నేను పురుగులకు ఆకు వేస్తూ లోపల ఉన్నాను. జవరయ్య బోరు మోటారు వేసి, పైపు పట్టుకుని ట్రాక్టరు కడిగాడు, ఆటో కడిగాడు. చెయ్యి ఊరుకోక నా జావానూ కడిగాడు. గేదెను కడిగినట్టు పక్క నుంచి, కింద నుంచి పైపు పెట్టి కొట్టాడు. ఆ మీదట పసుపు కుంకుమ కలిపి ఇంజను నిండా పూశాడు. మూత సందుల్లోకి కూడా పూశాడు. అంతటితో ఆగినా బాగుండేది. తాళంచెవికి బొట్టు పెట్టి, దాని చోటులో నొక్కి వదిలేశాడు.

కొత్త బండికి తాళంచెవి తిప్పాలి. పాత జావాకు నొక్కితే చాలు, కరెంటు పారుతుంది. నేను బయటికి వచ్చేసరికి ఎర్ర దీపం మిణుకు కూడా లేదు. బ్యాటరీ ఒట్టిపోయింది.

కావాలనే చేశాడా అని తర్వాత కొందరు అడిగారు. జవరయ్యకు జావా గురించి అంత తెలియదు. తెలిసి ఉంటే చేసేవాడా అంటే నేను చెప్పలేను.

"శుభ్రంగా ఉంది కదా అన్నా" అన్నాడు.

"ఉంది."

"మరి ముఖం అలా పెట్టావేం?"

నేను గేరు కాడను పైకి తిప్పాను. జావాకు గేరు కాడే కిక్ కాడ కూడా. కొట్టాను. నీళ్లు చిమ్మాయి తప్ప ఏమీ లేదు. జవరయ్య నవ్వలేదు. జేబులోంచి ఫోను తీసి ముక్తియార్‌కు చేశాడు. "పొద్దుకూకే లోపల రా, భాయ్. పురి, బెల్లం తిని పో. ఖాళీ ఆటో తీసుకురా" అన్నాడు. పురి అంటే మరమరాలు, ఆయుధ పూజకు అందరికీ పంచుతారు.

డైనమో విప్పాలి. స్క్రూడ్రైవరు కోసం లోపలికి పోయాను. పనిముట్లన్నీ పీట మీద ఉన్నాయి. పానాలు, స్క్రూడ్రైవర్లు, కొడవలి, కత్తిపీట, ఆకు కోసే కత్తి, చివరికి నా భార్య సాకమ్మ కత్తెర కూడా. అన్నిటికీ బొట్లు పెట్టి ఉన్నాయి. పీట ఎక్కిన పనిముట్టును మర్నాడు పొద్దున పూజ చేసి దించే దాకా ఎవరూ ముట్టకూడదు. అదీ నాయన కట్టుబాటే.

జవరయ్య గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "ముట్టకు అన్నా. ముట్టితే ఇంటికి మంచిది కాదు."

"ముట్టను."

"అయితే ఎట్లా విప్పుతావు, గోళ్లతోనా?"

సాకమ్మ వంటింట్లో ఒబ్బట్లు తడుతోంది. చేతులు తుడుచుకుని వచ్చి, నడుముకు దోపుకున్న తమలపాకుల సంచి విప్పింది. అందులోంచి ఒక పాత రూపాయి బిళ్ల తీసింది. మందంగా, పెద్దదిగా ఉండే పాత కాలపు బిళ్ల.

"ఇది పట్టుకో."

మూత స్క్రూల తలల్లో వెడల్పాటి గీతలు ఉంటాయి. బిళ్ల అంచు వాటిలో సరిగ్గా కూర్చుంది. తిప్పితే కదిలాయి.

"వదినా, అది పనిముట్టే అవుతుంది" అన్నాడు జవరయ్య.

"రూపాయి పనిముట్టు అయితే నీ జేబులోవి కూడా తీసి పీట మీద పెట్టు. రేపు పొద్దున దాకా ముట్టకు. కుంకుమ నేనే పెడతాను."

జవరయ్య జేబు మీద చెయ్యి పెట్టుకుని అవతలికి పోయాడు.

మూత తీస్తే లోపల బురద. బొగ్గు పొడి, నీళ్లు, పసుపు, కుంకుమ అన్నీ కలిసి ఊరగాయ ముద్దలా అయ్యాయి. రాగి పట్టీల మధ్య గీతలు పూడిపోయి ఉన్నాయి. ఆ గీతలు పూడితే ఒక పట్టీ కరెంటు పక్క పట్టీకి పారిపోతుంది, బయటికి ఏమీ రాదు. గుడ్డతో తుడిచాను. పొయ్యి మీద ఇసుక వేయించి, మూటగట్టి, డైనమో తీగ చుట్టలకు వేడి పట్టాను. బాలింత నడుముకు కాపడం పెట్టినట్టు పట్టాలి. ఎక్కువైతే తీగ మీది పూత కాలుతుంది.

గీతలు చీపురుపుల్ల మొనతో ఒక్కొక్కటే గీరాను. పట్టీలను రుద్దడానికి గరుకు కాగితం లేదు. ఉన్నది పీట మీద ఉంది. పెరట్లో పారిజాతం చెట్టు ఉంది. దాని ఆకు వెనకవైపు పిల్లి నాలుకలా గరుకుగా ఉంటుంది. ఆకులు కోసుకుని రుద్దాను. నల్లబడ్డ రాగి ఎర్రగా బయటపడింది.

ఎండ తగ్గింది. ముక్తియార్ ఖాళీ ఆటో తెచ్చి వేపచెట్టు కింద పెట్టాడు. తట్టలో పురి తీసుకుని నా పక్కన కూర్చున్నాడు.

"మాదన్నా, నా మీద కోపం పెట్టుకోకు. పిలిస్తే వచ్చాను."

"పురి తిను."

"తింటున్నాను. ఒక సంగతి చెప్పనా, బండికి బొట్టు పెట్టిన రోజు నేను తూకం వేయను. ఆటోలో వేసుకుపోతాను గాని తూకం రేపే."

"నువ్వు వేసుకుపోవు."

ముక్తియార్ పురి నములుతూ బ్యాటరీ వైపు చూశాడు. "డైనమో బాగుపడిందే అనుకో. ఇంజను తిరగనిదే డైనమో పుట్టించదు. రవ్వ లేనిదే ఇంజను తిరగదు. బ్యాటరీయేమో సున్నా. తోసి స్టార్ట్ చేద్దామంటే కట్టుబాటు ఒప్పుకోదు. మొదటి రవ్వ ఎక్కడి నుంచి తెస్తావు?"

ఆ సంగతే నేను మధ్యాహ్నం నుంచి ఆలోచిస్తున్నాను. వీధిలో ఉన్న బ్యాటరీలన్నీ పన్నెండు ఓల్టులవి. జావాది ఆరు. పైగా అన్నిటికీ బొట్లు పెట్టేశారు.

సాకమ్మ విన్నది. పురుగుల గదిలోకి పోయి తన పొడుగు టార్చి తెచ్చింది. దాని వెలుగులోనే తను పురుగులకు రాత్రి ఆకు వేసేది. వెనక మూత తిప్పి నాలుగు సెల్లులు నా ముందు దొర్లించింది.

"ఇవి ఎంత?"

"ఒక్కోటి ఒకటిన్నర."

"నాలుగూ కలిపితే?"

ఆమె నాకంటే తక్కువ చదివింది. అసలు చదవలేదు. నేను సెల్లులను ఎండిన అరటిదొప్పలో వరసగా పెట్టి, నారతో బిగించి చుట్టాను. బ్యాటరీ తీగలు చేత్తో విప్పి, వాటిని ఈ రెండు చివరలకు ఆనించి కట్టాను. తాళంచెవి నొక్కితే ఎర్ర దీపం వెలిగింది.

వీధి వాళ్లు వచ్చారు. జవరయ్య ట్రాక్టరు నిమ్మకాయలు తొక్కింది. అతని ఆటో తొక్కింది. బూడిదగుమ్మడి పగలగొట్టారు. జావా ముందు చక్రం కింద ఒకటి, వెనక చక్రం కింద ఒకటి నిమ్మకాయలు పెట్టాడు జవరయ్య. చక్రానికి ఆనించి మరీ పెట్టాడు.

"మూత తెరిచే ఉందేం? ఇట్లాగేనా పూజ?" అన్నాడు.

"లోపలి దానికే కావలసింది పూజ."

"మరి ఈ అరటిదొప్ప ఏమిటి అన్నా? ఇది టార్చి బలం. బండి బలం కాదు. నాయన ఏమన్నాడు?"

జనం ముక్తియార్ వైపు చూశారు. ఎవరి మనిషీ కానివాడు అతనొక్కడే. అతను మెల్లగా అన్నాడు. "జవరన్న అన్నది నిజమే. సెల్లులతో తొక్కితే లెక్క కాదు."

"తొక్కే ముందు పీకేస్తాను" అన్నాను.

"పీకితే ఆగిపోతుంది" అన్నాడు జవరయ్య.

"ఆగితే తీసుకుపో."

కిక్ కొట్టాను. దగ్గింది. మళ్లీ కొట్టాను. పొగ వచ్చింది, పగిలిన గుమ్మడికాయ మీదుగా పోయింది. ఇంకోసారి కొట్టాను. ఇంజను అందుకుంది. రేజు పెంచాను. ఎర్ర దీపం మసకబారింది గాని ఆరలేదు. ఇంకా పెంచాను. ఆరలేదు. టార్చి సెల్లు ఇంజనును ఎంతసేపు మోస్తుంది. శబ్దం అప్పుడే తడబడుతోంది.

ఒక బొగ్గు ముక్క దాని గూట్లో ఇరుక్కుంది. బురద పూర్తిగా పోలేదు. వెనక స్ప్రింగు నెట్టినా అది రాగిని తాకడం లేదు. వంగి చూస్తే తెలుస్తోంది. కానీ వంగితే రేజు వదలాలి.

"సాకమ్మా, ఇది పట్టుకో."

ఆమె ఎన్నడూ హ్యాండిల్ పట్టలేదు. వచ్చి పట్టుకుంది.

"తిప్పు. ఇంకా. అట్లాగే ఉంచు."

"ఆడమనిషి చేతికి ఇస్తే బండి..." అన్నాడు ఎవరో వెనక నుంచి.

"ముందుకు వచ్చి మాట్లాడు, నీ కాలు చక్రం కింద పెడతాను" అంది సాకమ్మ, రేజు తగ్గించకుండా.

నేను నేల మీద కూర్చుని చీపురుపుల్లతో ఆ బొగ్గు ముక్క వీపు మీద నొక్కాను. కదలలేదు. పక్కకు కాస్త వంచి నొక్కాను. టక్కుమని దిగింది. రాగి మీద చిన్న నీలి మెరుపు వచ్చి పోయింది.

"ఏమయ్యా, దీపం ఆరిపోయింది" అంది సాకమ్మ. ఏదో పాడు చేశానేమోనని భయపడుతున్న గొంతు.

"ఆరాలి. ఇప్పుడు దొప్ప పీకు."

"పీకితే..."

"పీకు."

ఒక చెయ్యి రేజు మీదే ఉంచి, రెండో చేత్తో అరటిదొప్పను తీగల నుంచి లాగేసింది. సెల్లులు రోడ్డు మీద దొర్లాయి. ఒకటి జవరయ్య కాళ్ల దగ్గర ఆగింది.

ఇంజను ఆగలేదు. ఎర్ర దీపం మళ్లీ వెలగలేదు.

నేను లేచి సీటెక్కాను. గేరు వేశాను. నిమ్మకాయ పగిలితే అంత చప్పుడు వస్తుందని నాకు అదివరకు తెలియదు. ముందుది పగిలింది, వెనకది పగిలింది. రసం నా చెప్పుల మీద పడింది.

"ఆగు అన్నా, హారతి ఇవ్వాలి" అని జవరయ్య పళ్లెం పట్టుకుని వెంట వచ్చాడు.

"ఆపను. ఆపితే మళ్లీ రవ్వ లేదు. ఇచ్చేదుంటే నడుస్తుండగా ఇవ్వు."

బండి పక్కన నడుస్తూనే హారతి తిప్పాడు. గాలికి కర్పూరం ఆరిపోయింది. ముక్తియార్ తన ఆటో వెనక్కు తిప్పుతూ, "జవరన్నా, ఖాళీగా రమ్మన్నావు, ఖాళీగానే పోతున్నాను. ఇంకొంచెం పురి అయినా పొట్లం కట్టు" అన్నాడు. వీధి నవ్వింది. ఇన్నాళ్లూ ఆ బండిని ఎగతాళి చేసిన వీధి ఇంకోరకంగా నవ్వడం నేను విన్నాను. నేను మాత్రం నవ్వలేదు. చేతిలో రేజు ఉంది.

"వచ్చే ఏడు చూద్దాం" అన్నాడు జవరయ్య.

"చూడు."

వీధి చివర ఇంజను ఆపకుండానే బండి నిలిపి, ఒట్టిపోయిన బ్యాటరీకి తీగలు తగిలించమన్నాను. సాకమ్మ తగిలించింది. ఇంజను కొంచెం మూలిగింది, తర్వాత సర్దుకుంది. డైనమో ఇంక దాన్ని కూడా నింపాలి. నింపాలంటే తిరగాలి. సాకమ్మ కొంగు దోపుకుని వెనక ఎక్కింది.

"ఎక్కడికి?" అంది.

"నిండే దాకా."

మల్బరీ తోటల మీదుగా పెద్ద రోడ్డు పట్టి రామనగరం దాకా పోయాం. మార్కెట్టు పండక్కి మూసి ఉంది. దాని గేటు ముందు ఒక చుట్టు తిప్పాను. సాకమ్మ ఎందుకని అడగలేదు. రేపు తెరుస్తారు.

తిరిగి వచ్చేసరికి మసక చీకటి పడుతోంది. జవరయ్య తన గుమ్మం ముందు రోడ్డు మీద నిలబడి ఉన్నాడు. నేను హెడ్‌లైటు వేశాను. పసుపుపచ్చగా, నిండుగా వెలిగింది. వెలుతురు అతని ముఖం మీద పడింది. చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"లైటు తగ్గించు అన్నా" అన్నాడు.

నేను తగ్గించలేదు. అతనే పక్కకు జరిగాడు.