తేలిక సంవత్సరాలు

మార్లీస్ పిండి పిసుకుతోంది. బల్లకి అటువైపు కూర్చుని జీటా "మెన్సా, మెన్సే, మెన్సే, మెన్సామ్" అంటూ లాటిన్ శబ్దం వల్లిస్తోంది. తల్లి వీపుకి కట్టిన గుడ్డలో చంటివాడు ఆ రాగానికి కాళ్లాడిస్తున్నాడు. జీటా తడబడినప్పుడల్లా మార్లీస్ తడిచేత్తోనే బల్ల మీద చిన్నగా తడుతుంది. అంతకుమించి దిద్దే ధైర్యం ఆమెకి లేదు. కూతురికి ఇవాళ చెప్పే పాఠం తను నిన్న గిన్నెలు తోముతూ నేర్చుకున్నదే. ఒక్క పాఠం ముందుంటే టీచరు, వెనకపడితే మళ్లీ వంటమనిషి. అత్తగారు భోజనానికి వస్తున్నారు కాబట్టి ఈ పూట రెండూ తప్పవు. క్యాబేజీ, మాంసం కూరి కాల్చిన బీరాక్ బన్నులు వేడివేడిగా ఉండాలి, పాఠమూ ఆగకూడదు.

వేసవంతా కూర్చుని జీటాకి ఎనిమిదేళ్ల లాటిన్ చదువుకి ప్రణాళిక వేసింది మార్లీస్. మొదట శబ్దాలు, క్రియలు, తర్వాత బైబిలు వాక్యాలు, ఆపైన చరిత్ర. ఆఖరి ఏడాది ఒక పుస్తకం, మొదటి పేజీ నుంచి చివరి పేజీదాకా, ఎవరి సాయమూ లేకుండా. కూతురు ఒక్క పుస్తకమైనా చివరిదాకా చదవాలి. తను ఏదీ అలా చదవలేదు. కాలేజీలో చేరిన మొదటి ఏడాదే పెళ్లి, వెంటనే జీటా కడుపులో. "మళ్లీ వెళ్దువుగానిలే, కాలేజీ ఎక్కడికి పోతుంది?" అన్నాడు భర్త క్లెమెంట్. నిజమే, కాలేజీ ఎక్కడికీ పోలేదు. ఊరికి పోయే దారిలో గోధుమచేల అవతల ఇప్పటికీ కనబడుతూనే ఉంటుంది.

వాళ్ల చర్చిలో పిల్లల్ని ఇంట్లోనే చదివించుకునే కుటుంబాలన్నిటికీ ఒకటే పద్ధతి. తల్లి టీచరు, తండ్రి ప్రిన్సిపాల్. ఆగస్టులో తల్లి వేసిన ప్రణాళిక మీద తండ్రి సంతకం పెడితేనే కొత్త ఏడాది పాఠాలు మొదలు; అప్పటిదాకా జరిగేది వేసవి సాధనే. ఏడాది మొత్తానికి ప్రిన్సిపాల్ గారికున్న పని ఆ సంతకమే. ఇంకో పద్ధతి కూడా ఉంది. ఇంట్లో బిడ్డ పుట్టిన ఏడాదిని 'తేలిక సంవత్సరం' అంటారు. కొత్త పాఠాలు ఉండవు, పాతవే తిరగేస్తారు. ఎవరైనా తల్లి తేలిక సంవత్సరం అనగానే ప్రార్థన అయ్యాక ఆడవాళ్లంతా మళ్లీ కడుపని అర్థమై కిసుక్కున నవ్వుతారు.

పోయినేడు మార్లీస్‌కి తేలిక సంవత్సరమే. చంటివాడు పుట్టినప్పుడు రక్తం ఆగలేదు. ఇంకో బిడ్డని ఇప్పట్లో తలపెట్టొద్దని డాక్టరమ్మ క్లెమెంట్ ఎదురుగానే చెప్పింది. ఆ ఏడాదంతా మార్లీస్ మంచం మీదే, జీటా గిన్నెల దగ్గర. పాతపాఠాలు తిరగేసేవాళ్లెవరు? అంతకుముందు గడగడా అప్పజెప్పిన లాటిన్ కీర్తనని పిల్ల మళ్లీ తెరిచి, ఒక్క మాటా గుర్తురాక పుస్తకం విసిరికొట్టి ఏడ్చింది. "నాకు మొద్దుబుర్ర కదమ్మా?" అంది. ఆ మాట మార్లీస్ గుండెలో ముల్లులా ఉండిపోయింది.

భోజనాలయ్యాక క్లెమెంట్ ప్రణాళిక కాగితాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. "బాగా వేశావోయ్. చిన్న చిన్న మార్పులు చేశానంతే."

మార్లీస్ చూసింది. మూడో ఏడాది మీద, ఐదో ఏడాది మీద పెన్సిలుతో అడ్డగీతలు. పక్కన 'తేలిక'.

"ఇదేమిటి?"

"ముందే అనుకుని ఉంటే మంచిది కదా. అప్పటికప్పుడు కంగారు పడేకన్నా."

"ఏం అనుకుని?"

అత్తగారు ఒటీలియా నవ్వారు. "ఏం అనుకునేమిటే అమ్మాయ్! వాడు ఎడమెడంగానే పెట్టాడు, సంతోషించు. మా కాలంలో మాకిన్ని చెప్పి చేశారా?"

"డాక్టరమ్మ ఏం చెప్పిందో మీకూ తెలుసు కదా అత్తయ్యా."

"డాక్టర్లు అలాగే అంటారు. నాకూ అన్నారు. చచ్చానా?"

జీటా కాగితం మీదకి వంగింది. "నాన్నా, మళ్లీ తేలిక వద్దు. నేను అన్నీ మర్చిపోతాను."

"ఆడపిల్లవి, నాలుగు ప్రార్థనలు అర్థమైతే చాల్లేవే. అప్పుడు అమ్మకి సాయం నువ్వే కదా, పెద్దదానివి," అన్నాడు క్లెమెంట్.

మార్లీస్‌కి ఒక్కసారిగా అంతా కనబడింది. ఆ రెండు గీతల కింద తను మంచం మీద ఉంది, లేదా లేనేలేదు. గిన్నెల దగ్గర జీటా ఉంది, వీపున ఇంకో చంటిబిడ్డతో. ఎనిమిదేళ్లు ఎలా గడపాలా అని తను వేసవంతా తల బద్దలుకొట్టుకుంటే, ఇతను కాఫీ తాగుతూ తేల్చేశాడు.

"రబ్బరు తే జీటా," అంది.

"మార్లీస్," అన్నాడు క్లెమెంట్, అమ్మ ముందు పరువు పోతోందన్నట్టు. "అది మన చేతిలో లేదు. దేవుడి చేతిలో ఉంది."

"దేవుడి చేతిలోనే ఉంటే నీ చేతిలో పెన్సిలెందుకు?"

ఒటీలియా చేతిలో కప్పు సాసరుకి తగిలి టంగుమంది. క్లెమెంట్ ముఖం ఎర్రబడింది. "సంతకం పెట్టను. పెట్టకపోతే ఈ ఏడాది పాఠాలెలా మొదలుపెడతావో చూస్తాను."

ఇలాంటి మాటలకి ఎప్పుడూ ఆమెకి ముందు వణుకొస్తుంది, తర్వాత క్షమాపణ. వణుకు వచ్చింది. మార్లీస్ దాన్ని రానిచ్చింది. వణుకుతూనే గీతలు చెరిపింది. వణుకుతూనే లేచి పడగ్గదిలోకి వెళ్లి, మిట్టమధ్యాహ్నం వెలుగులో, అత్తగారు చూస్తుండగా, తన దిండు, దుప్పటి తెచ్చి జీటా మంచం మీద పెట్టింది.

"ఇదేం పనే?" అన్నారు ఒటీలియా.

"ప్రణాళిక, అత్తయ్యా," అంది మార్లీస్. "ఎనిమిదేళ్లది."