మూడో చుట్టు

ఎమిల్ హ్రివ్నాక్ పొద్దున లేవగానే చేసే మొదటి పని వేళ్ళను చూసుకోవడం. అవి చేతులకే ఉన్నాయి, ఎక్కడికీ పోలేదు. కానీ కళ్ళతో చూస్తే తప్ప ఉన్నట్టు అతనికి తెలియదు. ముప్పై ఏళ్ళు మోటారు రంపం పట్టుకొని చెట్లమీద వేలాడిన మనిషి. ఆ రంపం వణుకు నరాలను కొంచెం కొంచెంగా తినేసింది. మొదట్లో చలికి వేళ్ళు సున్నం కొట్టినట్టు తెల్లబడి, గంటలో మళ్ళీ మామూలయ్యేవి. ఇప్పుడు రంగు వస్తోంది గానీ స్పర్శ రావడం లేదు. గుండీల చొక్కాలు మానేసి తలమీదుగా తొడుక్కునే బనియన్లకు మారాడు. కాఫీ కప్పును రెండు చేతులతో పట్టుకుంటున్నాడు. అది చూసి భార్య పాలెట్, "ఏంటయ్యా, చర్చిలో పాదిరీలాగా ఆ పట్టుకోవడం?" అని ఆటపట్టించింది. అతను నవ్వి ఊరుకున్నాడు.

ఫిబ్రవరిలో పిట్స్‌బర్గ్ వెళ్ళి డాక్టరుకు చూపించుకున్నాడు. ఈ నరాలు ఇక తిరిగిరావు, రంపం మానేస్తే మిగిలినవైనా దక్కుతాయి అన్నాడు డాక్టరు. ఎమిల్ ఇంటికొచ్చి, భుజం అరిగిందట అని చెప్పాడు. రంపం మాత్రం మానలేదు. భుజం అరిగిన మాటా నిజమే. అబద్ధానికి అదొక ఆసరా. చెట్లెక్కేవాళ్ళల్లో భుజం నొప్పి గొప్పగా చెప్పుకునే సంగతి, చేతులు పోవడం మాత్రం ఉన్న పేరంతా పోవడమే. మోనోంగహేలా నది వెంబడి ఆ కొండ ఊళ్ళల్లో 'ఎమిల్ ఎక్కనన్న చెట్టు లేదు' అని ఒక మాట ఉండేది. ఆ మాటను అందరికంటే ఎక్కువ నమ్మినవాడు ఎమిలే. ఏం చేస్తాం, మనిషికి పొగడ్త అలాగే ఎక్కుతుంది.

కింద తాడు పట్టేవాడు డెల్బర్ట్, పాలెట్ తమ్ముడు. పందొమ్మిదేళ్ళుగా బావ పైన, బావమరిది కింద. ఆ అలవాటు మారింది అక్టోబరులో, కాచ్‌మార్ పెద్దావిడ పెరట్లో.

అక్కడున్నది ఒక యాష్ చెట్టు. పచ్చ పురుగు బెరడు కింద దూరి తినేస్తే చచ్చిపోయి నాలుగేళ్ళయింది. మిగతా చెట్లు చచ్చినా కొంత కాలం వంగుతాయి, కిర్రుమంటాయి, విరిగేముందు మనిషికి ఒక మాట చెబుతాయి. చచ్చిన యాష్ ఏమీ చెప్పదు, గాజులాగా పుటుక్కుమంటుంది. ఒక పక్క ఆవిడ వంటిల్లు, ఇంకో పక్క పొరుగింటి గోడ, వెనక నిట్టనిలువు వాలు. మనిషిని పైకెత్తే యంత్రం ఆ సందులో పట్టదు. తాడు కట్టుకుందామంటే పక్కన ఇంకో చెట్టు కూడా లేదు. అంతకుముందే రెండు కంపెనీలవాళ్ళు వచ్చి, తలెత్తి చూసి, దండం పెట్టి వెళ్ళిపోయారు. ఎమిల్ మాత్రం కొట్టి దించుతానన్నాడు.

డెల్బర్ట్ గొడ్డలి వెనకవైపుతో మొదలును తట్టి చూశాడు. "బావా, ఇది చెట్టు కాదు. నిలబెట్టిన బిస్కెట్టు."

"చిన్న చిన్న ముక్కలుగా దించుదాం. ఏం కాదులే."

"నీకు కాదు. కింద ఉండేది నేను."

ఎమిల్ నడుముకు పట్టీ బిగించుకోబోయాడు. కొక్కెం కడియంలో పడలేదు. రెండోసారీ పడలేదు. మూడోసారి డెల్బర్ట్ తింటున్న హామ్ శాండ్‌విచ్ పక్కన పెట్టి దగ్గరికొచ్చాడు.

"భుజమేనా?"

"ఆఁ, భుజమే."

"ఇటు తే. ఇవాళ నేనెక్కుతా."

"నువ్వా? నిన్ను మోయాలంటే చెట్టు బతికుండాలిరా."

"నవ్వుకో నవ్వుకో. ఆ భుజంతో నిన్ను పైకి పంపానని తెలిస్తే అక్క నన్ను బతకనివ్వదు. నువ్వు కింద హాయిగా తాడు పట్టుకో."

ఎమిల్‌కు ముందు ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే అసలు సంగతి తట్టింది. చెట్టెక్కేవాడికి కావలసింది కాళ్ళూ కళ్ళూ. కిందవాడికి కావలసింది చేతులు. కోసిన ముక్కకు కట్టిన తాడు అదే చెట్టుకు పైన కట్టిన గిలకమీదుగా కిందికి వచ్చి, చెట్టు మొదట్లో బిగించిన ఇనుప దిమ్మకు చుట్లు తిరిగి, కిందవాడి గుప్పిట్లోకి వస్తుంది. ముక్క పడగానే వాడు తాడును కొంచెం జారనిచ్చి మెల్లగా ఆపాలి. వదిలేస్తే ముక్క నేలకు కొట్టుకుంటుంది. ఒక్కసారిగా పట్టేస్తే ఆ బరువంతా చెట్టును కుదిపేస్తుంది, దానికి కట్టుకున్న మనిషితో సహా. చుట్లు పెరిగేకొద్దీ తాడు జారడం తగ్గుతుంది; అందుకే పచ్చి చెట్టుకు మూడు చుట్లు, ఎండిన చెట్టుకు రెండే. ఎంత జారనివ్వాలో కన్ను చెప్పేలోపే పని అయిపోతుంది. అది అరచేతికే తెలియాలి.

అప్పుడే చెప్పేయాల్సింది. మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

చెట్టెక్కే ఇనుప ముళ్ళు కాళ్ళకు కట్టుకుంటూ డెల్బర్ట్ తలెత్తి అడిగాడు: "భుజం లాగితే తాడు వదిలేయవు కదా? చేతుల్లో పట్టుందా?"

"చేతులకేం? బాగానే ఉన్నాయి."

అంతే. ముప్పై ఏళ్ళల్లో ఎన్నో చెట్ల మీద ప్రాణాలకు తెగించినవాడు ఆ ఒక్క మాట చెప్పడానికి భయపడ్డాడు.

డెల్బర్ట్ ఆయాసపడుతూ, చెట్టును తిట్టుకుంటూ ఎక్కాడు. పైన సన్న కొమ్మలు రెండు దిగాయి. ఎమిల్ తాడు మీద నుంచి చూపు తిప్పకుండా, కళ్ళతోనే చేతుల పని చేయించాడు. మూడో ముక్కకు కంట్లో రంపపు పొట్టు పడింది. రెప్ప వేసి తెరిచేసరికి తాడు గుప్పిట్లోంచి సర్రున పోతోంది. అలా పోతున్నట్టు గుప్పిటకు తెలియనే లేదు. ముక్క వచ్చి కాచ్‌మార్ పెద్దావిడ పూలకుండీల మీద పడింది.

"బావోయ్! నిద్రొచ్చిందా?" పైనుంచి కేక. "పాపం, ముసలావిడ చామంతులు!"

"జారింది! ఇంక జారదులే!"

ఈసారి వచ్చేది పెద్ద ముక్క. వంటింటి కప్పు సరిగ్గా దాని కిందే ఉంది, లోపల ఆ పెద్దావిడ ఉంది. ఎమిల్ తాడును దిమ్మకు ఇంకొక చుట్టు తిప్పాడు. మూడో చుట్టు. చేతులు మోసం చేసినా ఇనుము పట్టుకుంటుంది కదా అనుకున్నాడు.

"రెండే కదా చుట్లు?" డెల్బర్ట్ అడిగాడు.

"రెండే!"

"పట్టేయకు బావా, మెల్లగా వదులు. ఇది ఇప్పటికే ఊగుతోంది."

రంపం మోగింది. ముక్క ఒరిగి, విడివడి, కిందికి వచ్చింది. తాడు బిగిసింది. ఎమిల్ వదలాలనే అనుకున్నాడు. కానీ తను ఎంత పట్టుకున్నాడో తెలియని మనిషి ఎంత వదలాలో ఎలా తెలుసుకుంటాడు? జారుతుందేమోనన్న భయంతో రెండు చేతులూ బిగించాడు. ముక్క గాలిలో ఠక్కున ఆగిపోయింది. చెట్టు అటొకసారి, ఇటొకసారి ఊగింది. వడ్రంగి పిట్ట తొలిచిన తొర్ర దగ్గర, డెల్బర్ట్ కాళ్ళకు చాలా కింద, విరిగింది. పెద్ద శబ్దం కూడా రాలేదు.

డెల్బర్ట్ చెట్టుతోపాటే వాలు మీదికి పోయాడు.

ఎమిల్ దొర్లుతూ, పాకుతూ వెళ్ళేసరికి అతను విరిగిన మాను పక్కన వెల్లకిలా పడి ఉన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. పైన గుమ్మంలో పెద్దావిడ ఫోనులో ఇంటి నంబరు గట్టిగా అరుస్తోంది.

"కదలకు డెల్. వస్తున్నారు, కదలకు."

"ఎందుకు పట్టేశావ్ బావా?" కోపంగా కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగాడు.

ఎమిల్ అతని మీద పడ్డ పుల్లలు ఏరి తీయసాగాడు.

"సరే, నా కాలొకసారి పట్టుకో. చూద్దాం."

ఎమిల్ చేతి తొడుగులు లాగి పారేసి, బూటు పైన చీలమండను పట్టుకున్నాడు.

"పట్టుకున్నావా?"

"పట్టుకున్నా."

"గట్టిగా పట్టుకో."

"గట్టిగానే పట్టుకున్నా."

"అబద్ధాలాడకు. నువ్వు ముట్టుకోనేలేదు." డెల్బర్ట్ తల ఎత్తి చూడబోయాడు. "నాకేం తెలియట్లేదు."

ఎమిల్ కిందికి చూసుకున్నాడు. తన పది వేళ్ళూ ఆ చీలమండ చుట్టూ ఉన్నాయి, కణుపులు తెల్లగా పాలిపోయి. చూస్తేనే తెలిసింది.

"నాకూ తెలియట్లేదు డెల్," అన్నాడు. "నా చేతులు ఫిబ్రవరిలోనే పోయాయి. భుజం కాదు. కుండీలు పగిలాక భయమేసి మూడో చుట్టు వేశాను."

కొండ కిందినుంచి అంబులెన్సు కూత వినిపించడం మొదలైంది.

"మరి నన్నెందుకు ఎక్కనిచ్చావ్?"

జవాబు ఎమిల్ దగ్గర ఉంది. ఎమిల్ ఎక్కనన్న చెట్టు లేదని ఊళ్ళో అనుకునే ఆ మాట కోసం. కాలు పోయిన మనిషి ముందు దాన్ని బయటపెట్టడానికి అతనికి ముఖం చెల్లలేదు. తల దించుకొని ఆ కాలినే పట్టుకు కూర్చున్నాడు.