డెబ్బై ఏడు దగ్గర ఆగిన సూది

నేను ఒక తూకపు మిషన్ని. కూరగాయలు తూచే రకం కాదు, మనుషులు ఎక్కి నిలబడే రకం. ఇనుప రేకు ఒళ్లు, పైన నల్ల రబ్బరు పట్టా, ముందువైపు చిన్న అద్దం, అద్దం కింద అంకెలు, వాటి మీద ఎర్ర సూది. లోపల నాలుగు స్ప్రింగులు. ఒక సంగతి ముందే చెప్పేస్తాను, తర్వాత మీరే కనిపెట్టి నవ్వుకోవడం ఎందుకు: నాకు అసూయ ఎక్కువ. ఇంట్లో చెంబుని చేత్తో పట్టుకుంటారు, చివరికి చీపురునీ చేత్తోనే పట్టుకుంటారు. నన్ను ఒక్కదాన్నే కాళ్లతో తొక్కుతారు. తొక్కి, కిందికి చూసి, మొహం చిట్లిస్తారు. ఇలా పాతికేళ్లు బతికితే ఎవరికైనా కడుపు మండుతుంది.

పుట్టింది ఒక రేకుల షెడ్డులో. అక్కడొక లావుపాటి మేస్త్రీ ఉండేవాడు. తయారైన ప్రతి మిషన్ మీదా తనే ఎక్కేవాడు. సూది తొంభై రెండు చూపిస్తే పాసైనట్టు. ఒకరోజు ఆయన ఒంట్లో బాగాలేక తిండి మానేశాడు. ఆ రోజు ముప్పై మిషన్లు వరసగా తొంభై ఒకటి చూపించాయి. అన్నింటికీ స్క్రూ తిప్పి తొంభై రెండుకు తెచ్చారు గానీ, మేస్త్రీయే తగ్గాడేమోనని ఒక్కరికీ తోచలేదు. ఆ ముప్పైలో నేను లేను. అందుకే నా మాట నమ్మొచ్చు.

అక్కడి నుంచి నరసరావుపేటలో ఒక కాన్పుల డాక్టరమ్మ దగ్గరికి వచ్చాను. అవి నా మంచి రోజులు. అక్కడ సూది పైకి వెళ్తే సంతోషించేవాళ్లు. "కిలోన్నర పెరిగావమ్మా, బిడ్డ బాగుంది" అంటే, ఎక్కినావిడ మొహం చూడాలి. ఆ ఆసుపత్రిలో భ్రమరాంబ అని ఒక ఆయా ఉండేది. ఎనిమిదో తరగతి చదివింది. పని మంచిదే గానీ భయం మనిషి. దగ్గు వస్తే క్షయ అనుకునేది, ఫోన్ మోగితే చావు కబురు అనుకునేది. ఆమెకు నెలలు నిండుతున్నప్పుడు, మిగతావాళ్లు నెలకోసారి ఎక్కితే, ఆమె పొద్దున చీపురు పట్టుకోకముందే రోజూ నా మీద ఎక్కేది. పెరగకపోతే బిడ్డ ఎదగట్లేదని భయం, పెరిగితే షుగరు వచ్చిందని భయం. ఆ నెలలన్నీ తల్లినీ బిడ్డనీ కలిపి నేనే మోశాను. తీరా కాన్పయ్యాక ఆ పిల్లను తీసుకెళ్లి పక్క బల్ల మీది తొట్టి కాటాలో పడుకోబెట్టారు. మెత్తటి గుడ్డ వేసి మరీ. అసూయ అంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది.

డాక్టరమ్మకు వయసు మీద పడి ఆసుపత్రి మూసేసినప్పుడు ఎవరికి కావలసినవి వాళ్లు పట్టుకుపోయారు. భ్రమరాంబ నన్ను అడిగి తెచ్చుకుంది. తెచ్చి మంచం కిందకు తోసి మర్చిపోయింది. మనుషుల ప్రేమ అంతే, అడిగేటప్పుడే ఎక్కువ.

నేను మళ్లీ వెలుతురు చూసేసరికి ఆ పిల్లకు ఇరవై రెండేళ్లు. పేరు ప్రవల్లిక. డిగ్రీ ఆఖరి సంవత్సరంలో కాళ్లు వాచాయి, తర్వాత మొహం వాచింది. రెండు కిడ్నీలూ పనిచేయడం మానేశాయి. వారానికి రెండుసార్లు గుంటూరు తీసుకెళ్లి డయాలసిస్ చేయించేవాళ్లు. తండ్రి ఆర్టీసీ డ్రైవరు, ఆయన రక్తం కలవలేదు. తల్లిది కలిసింది. కానీ డాక్టరు తల్లిని చూసి, ఎనభై ఆరు కిలోలున్నారు, ఈ బరువు మీద మీ కిడ్నీ తీయడం మంచిది కాదు, డెబ్బైకి దిగి రండి, అప్పుడు మాట్లాడదాం అన్నాడు. ఆ సాయంత్రమే భ్రమరాంబ నన్ను మంచం కింద నుంచి లాగి, వంటగదికి ఎదురుగా గోడ పక్కన పెట్టింది.

పని మీద తప్ప ఎన్నడూ గడప దాటి నాలుగడుగులు వేయని మనిషి నడక మొదలుపెట్టింది. నడుస్తుంటే గుండె ఆగిపోతే పిల్లకు కిడ్నీ ఎవరిస్తారని భయం. నడవకపోతే బరువు దిగదని భయం. రెండు భయాలూ చెరో చెయ్యి పట్టుకుని నడిపిస్తుంటే, రోజూ రైలు గేటు దాకా వెళ్లి వచ్చేది. రాత్రి అన్నం మానేసి రెండు జొన్నరొట్టెలకు దిగింది. పంచదార డబ్బా పక్కింటికి ఇచ్చేసింది. సోమవారం సోమవారం నా మీద ఎక్కేది. ఎనభై నాలుగు, ఎనభై ఒకటి, డెబ్బై తొమ్మిది. నాలుగు నెలలకు డెబ్బై ఏడు.

అక్కడ సూది ఆగిపోయింది.

ఒక వారం కాదు, రెండు వారాలు కాదు, తొమ్మిది వారాలు. నడక మానలేదు, ఇంకో పావుగంట పెంచింది కూడా. అయినా డెబ్బై ఏడు. నన్ను ఈ బండ మీద నుంచి ఆ బండ మీదకు జరిపింది. గాజులు తీసి ఎక్కింది, ఊపిరి బిగబట్టి ఎక్కింది. ఒంట్లో ఏదో గడ్డ పెరుగుతోందని, ఆ గడ్డ బరువే దిగనివ్వడం లేదని తీర్మానించుకుంది. పరీక్షలన్నీ చేయించారు. ఏమీ లేదన్నారు. ఏమీ లేదంటే దాస్తున్నారనుకుంది.

ఇప్పుడు చెప్పబోయేది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. సూది కదలనందుకు నేను సంతోషించాను. బరువు తగ్గుతున్నప్పుడు ఆమె వారానికి ఒక్కసారి వచ్చేది. ఆగిపోయాక రోజుకు మూడుసార్లు వచ్చేది. నాతో మాట్లాడేది, కొంగుతో నా అద్దం తుడిచేది. ఆ దసరాకు ఇంట్లో పనిముట్లన్నీ కడిగి వరసగా పెట్టి, కత్తిపీట కంటే ముందు నాకు బొట్టు పెట్టింది. వేలితో. పాతికేళ్లలో నన్ను అంత మెల్లగా ముట్టుకున్నది అదే మొదలు. డెబ్బై వచ్చిన మరునాడు నా చోటు మళ్లీ మంచం కిందేనని నాకు తెలుసు. అందుకని లోపల్లోపల, ఇంకొన్నాళ్లు ఆగనీ అనుకున్నాను. అవతల పిల్ల చేతికి సూదులు గుచ్చి గుచ్చి నరాలు ఉబ్బిపోతున్నాయి. అసూయకు ఆ సంగతి పట్టదు.

సూది ఎందుకు ఆగిందో నాకు రెండో వారంలోనే తెలుసు. నా ఎదురుగానే జరుగుతోంది.

మధ్యాహ్నం ప్రవల్లిక కంచం ముందు కూర్చుని, "ఇంకొంచెం పెట్టమ్మా, ఆకలేస్తంది" అనేది. జబ్బు పిల్ల ఆకలి అంటే ఏ తల్లి ఆగుతుంది? గరిటె నిండా పెట్టేది. ఆ పిల్ల తనకు కావలసినంత తిని, మిగతాది కలిపి వదిలేసేది. భ్రమరాంబకు ఒక నమ్మకం ఉంది. జబ్బు మనిషి కంచంలో అన్నం పారేస్తే వాళ్ల ఆయుష్షు పారేసినట్టేనట. ఎవరు చెప్పారో ఆమెకే తెలియదు. అందుకని ఆ కంచం తీసుకుని, వంటగది గుమ్మంలో నిలబడి, నాలుగు ముద్దల్లో మింగేసేది. ఉప్పు లేని కూర, మెతుకు మెతుకూ. మధ్యాహ్నం, రాత్రి. ఆ కంచమంటే నాకు ఎంత మంటో చెప్పలేను. దాన్ని రెండు చేతులతో పట్టుకుని, వేళ్లతో ఊడ్చి, కళ్లకు అద్దుకుని మరీ కడిగేది. తప్పంతా ఆ కంచానిది, తిట్లు నాకు. చెప్పాలన్నా నాకు వచ్చింది అంకె ఒక్కటే. అదే రోజూ చెప్పాను.

ఇంతలో మస్తాన్‌బీ వచ్చింది. రెండు ఇళ్ల అవతల జాకెట్లు కుట్టే మనిషి. భ్రమరాంబ జాకెట్లు వదులయ్యాయని బిగించడానికి కొలతలు తీసుకోవడానికి వచ్చింది. మెడలో పసుపుపచ్చ టేపు. ఆ టేపు చూడగానే నా స్ప్రింగులు బిగుసుకున్నాయి. అది ఆమె నడుం చుట్టూ చేతులు వేసినట్టు తిరిగింది. మస్తాన్‌బీ పాత కాగితం తీసి చూసి, నడుం నాలుగంగుళాలు తగ్గింది, చేతులు అంగుళమున్నర తగ్గాయి అంది.

"నీ కాటా అబద్ధం చెప్తందక్కా," అంది నన్ను కాలితో తడుతూ. "గుడ్డ అబద్ధం చెప్పదు."

భ్రమరాంబ మొహం విప్పారింది. ఒక గుడ్డ పీలిక, ముప్పావు వంతు అంకెలు చెరిగిపోయినది, దాని మాటకు విప్పారింది. నేను పాతికేళ్లు నిజం చెప్పి కూడా ఆ మొహం తెప్పించలేకపోయాను. కానీ ఆ సంతోషం సాయంత్రం దాకా కూడా నిలవలేదు. గుంటూరులో డాక్టరు అడిగేది అంగుళాలు కాదు, కిలోలు. అది గుర్తు రాగానే మళ్లీ వచ్చి నా మీద ఎక్కింది. డెబ్బై ఏడు. ఆ రోజు నాకు మంచి నిద్ర పట్టింది.

నాలుగు రోజుల తర్వాత, జాకెట్లు ఇవ్వడానికి మస్తాన్‌బీ సరిగ్గా భోజనాల వేళకు వచ్చింది. భ్రమరాంబ గుమ్మంలో నిలబడి కంచం ఊడుస్తోంది.

"ఇప్పుడేగా తిన్నానన్నావు. మళ్లీ తింటన్నావేందక్కా?"

"నేనెక్కడ తింటన్నా. ఇది పిల్ల ఎంగిలి."

"ఎంగిలైతే కడుపులోకి పోదా?"

"నాలుగు మెతుకులు. పారేస్తే పిల్లకి అరిష్టం."

మస్తాన్‌బీ ఆ కంచం లాక్కుని చేత్తో ఎత్తి చూసింది. కుట్టేవాళ్లకు చేతిలోనే కొలత ఉంటుంది కాబోలు. ఇది నాలుగు మెతుకులు కాదు, నా పిల్లోడు బడికి పట్టుకుపోయే బాక్సుకి వచ్చే అన్నం అంది. రోజుకు రెండు బాక్సులు ఇట్టా లోపలికి పంపితే రైలు గేటు కాదు, రైలెంట పరిగెత్తినా దిగదు అంది. తొమ్మిది వారాలు చూసింది నేను. ఒక్క పూట చూసి పేరు కొట్టేసింది ఆమె.

భ్రమరాంబ కూతురి వైపు తిరిగి, తినలేనప్పుడు అంత ఎందుకు పెట్టించుకుంటున్నావని మామూలుగానే అడిగింది. ప్రవల్లిక గోడ వైపు, అంటే నా వైపు చూసింది. నా మీద ఆగిన ఆ చూపులోనే తల్లికి అర్థమైంది.

"కావాలనే వదిలేస్తన్నావా?"

ఆ పిల్ల అంది. "నువ్వు డెబ్బైకి దిగితే వాళ్లు కోసేస్తారమ్మా. నీకేమన్నా అయితే నేను ఆ కిడ్నీ పెట్టుకుని ఏం చేసుకోను? ఇట్టాగే ఉందాం. డయాలసిస్ చేయించుకుంటా ఉంటా."

మస్తాన్‌బీ జాకెట్లు మంచం మీద పెట్టి చప్పుడు చేయకుండా వెళ్లిపోయింది. తప్పేమీ దొరకలేదు ఆమెలో, అది కూడా నాకు కష్టంగానే ఉంది.

భ్రమరాంబ ఏడుస్తుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను. ఆమె వచ్చి నా మీద కూర్చుంది. ఎక్కలేదు, పీట మీద కూర్చున్నట్టు కూర్చుంది.

"చూడు తల్లీ. మెట్లు దిగాలంటే నాకు భయం. గ్యాసు వెలిగించాలంటే భయం. మీ నాన్న బండి ఎక్కిన కాడి నుంచి దిగేదాకా భయం. అన్నిట్లోకీ చెడే ముందు కనపడిద్ది నాకు. దీంట్లో మాత్రం ఎంత ఎతికినా కనపడలా. ఎందుకో నాకూ తెలవదు. నువ్వు నా మాట నమ్ము."

ఆ పిల్ల వచ్చి తల్లి ఒళ్లో తల పెట్టింది. సూది పైకి వెళ్లింది. ఎవరూ చూడలేదు.

ఆ రాత్రి నుంచి పెట్టే పద్ధతి మారింది. కంచంలో ఒక్కో ముద్దకు సరిపడా పెట్టడం, తిన్నాక ఇంకో ముద్ద. మిగిలేదీ లేదు, పారేసేదీ లేదు, ఆయుష్షు గొడవా లేదు. గుంటూరులో తిండి సంగతి చూసే మేడంతో కూతురే జరిగినదంతా చెప్పింది. ఆవిడ నవ్వలేదట. ఒళ్లు తగ్గేకొద్దీ అది ఖర్చు చేసే శక్తి కూడా తగ్గుతుందని, రోజూ అదే నడక నడిస్తే ఒంటికి అలవాటైపోతుందని, నడకతో పాటు బరువులు ఎత్తమని, పప్పూ గుడ్డూ సరిగ్గా తినమని, నిద్ర మానొద్దని చెప్పిందట. భ్రమరాంబ రెండు సీసాల నిండా ఇసుక పోసి రెండు చేతులతో ఎత్తేది. కుర్చీలో కూర్చుని లేచేది, ఇరవైసార్లు. లెక్క పెట్టేది ప్రవల్లిక. ఆ సీసాల మీద కూడా నాకు అసూయే, వాటిని గుండెలకు ఆనించుకునేది.

రెండు వారాలు ఏమీ లేదు. మూడో సోమవారం డెబ్బై ఆరు. సూది వదిలింది. భ్రమరాంబ దిగి, మళ్లీ ఎక్కి, కూతుర్ని పిలిచి చూపించింది. ఆ సాయంత్రానికే ఇంత గబుక్కున దిగిందంటే షుగరేమోనని భయం పట్టుకుంది. నాకు ప్రాణం లేచి వచ్చింది, పాత మనిషి పాత మనిషిలాగే ఉంది. అక్కడి నుంచి ఆగింది లేదు. నాలుగు నెలలు పట్టింది గానీ, ఒక సోమవారం డెబ్బైకి వెంట్రుకవాసి కింద ఆగాను. ఆపడానికి ప్రయత్నించానా అంటే, లేదు. ఆ పిల్ల చెయ్యి నేనూ చూస్తూనే ఉన్నాను కదా.

గుంటూరులో డాక్టరు నా అంకె నమ్మలేదు. అక్కడి పెద్ద కాటా మీద ఎక్కించి, అది చెప్పాక ఆపరేషనుకు తారీఖు ఇచ్చాడు. నేను చెప్పిందే అది చెప్పింది.

ఇంటికి తాళం వేసి వెళ్లారు. నెలన్నర తెరవలేదు. ఆ చీకట్లో నాకు అన్నీ చెడే కనిపించాయి. ఆమె దగ్గర అంటుకున్నట్టుంది ఆ జబ్బు.

తాళం తీసినప్పుడు రెండు జతల కాళ్లు లోపలికి వచ్చాయి. రెండూ వాపు లేని కాళ్లు. వాటి వెనక డ్రైవరుగారు సంచులతో. సంచిలోంచి ఒక కొత్త మిషన్ బయటికి వచ్చింది. గాజు పలక, ఎర్ర అంకెలు, గ్రాములు కూడా చెబుతుందట. కొత్త కిడ్నీ పెట్టినవాళ్లు రోజూ బరువు చూసుకోవాలి, ఒక్కసారిగా పెరిగితే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. దానికి నేను చాలనట. నేను మంచం కిందకు వెళ్లాను. రోజూ పొద్దున పైనుంచి వినిపించేది. "ఎంతే?" "నలభై ఆరు ఆరువందలమ్మా." "నిన్న అయిదువందలేగా?" "నీళ్లు తాగానమ్మా." నేను పడుకుని వింటూ కుళ్లిపోయేదాన్ని.

ఒక పొద్దున ఆ గాజు పలక వెలగలేదు. బ్యాటరీ అయిపోయింది. భ్రమరాంబకు మళ్లీ భయం, ఈ రోజే పెరిగి ఉంటే ఎలాగని. మోకాళ్ల మీద వంగి, చెయ్యి చాపి, నన్ను బయటికి లాగింది. బూజు అరచేత్తో తుడిచింది. ప్రవల్లిక ఎక్కింది. తల్లి నేల మీద కూర్చుని, నా అద్దానికి ముక్కు ఆనించినంత దగ్గరగా చూసింది.

"నలభై ఏడుకి కొంచెం తక్కువ," అంది. ఊపిరి వదిలింది.

అది ఆమెకు కనిపించిన అంకె. నాకు తెలిసింది వేరు. ఇరవై మూడేళ్ల కిందట ఈ తల్లి నా మీద ఎక్కినప్పుడు లోపల పిల్ల ఉంది. ఇప్పుడు పిల్ల ఎక్కింది, లోపల పిడికెడంత తల్లి ఉంది. ఇద్దర్నీ కలిపి మోయడం నాకు కొత్త కాదు.

సాయంత్రం బ్యాటరీ తెచ్చారు. నన్ను మళ్లీ కిందకు తోశారు, ఈసారి చేత్తోనే. గ్రాములు చెబుతుందిగా ఆ గాజు పలక, చెప్పుకోనీ. ఎవరి గ్రాములో దానికేం తెలుసు.