కోడళ్ల మీటింగుకు అత్తలు

పెళ్లై మూడు నెలలైనా నిషితకు ఇంకా అన్నీ మురిపెమే: డ్యూటీ దిగి అనిల్ తెచ్చే మిర్చిబజ్జీల పొట్లం, దండెం మీద తన చీర పక్కన అతని ఫ్యాక్టరీ చొక్కా. ఒక్కటే చిక్కు. ఆ బట్టలు ఆరేయడానికి డాబా ఎక్కేసరికి కళ్లు తిరుగుతున్నాయి. ఒంట్లో రక్తం తక్కువుంటే గర్భం రాకముందే సరిచేసుకోవాలని ఆమె డిగ్రీలో చదివింది. అత్త అరుణమ్మ మాత్రం దసరాకల్లా మంచి కబురు వినాలని గడువు పెట్టేసింది.

ఆ వారమే నర్సు రాధమ్మ వచ్చి, కొత్త కోడళ్లకు కమ్యూనిటీ హాల్లో మీటింగనీ, రక్తపరీక్ష కూడా చేస్తామనీ చెప్పింది. నిషిత చీర తీసిపెట్టుకుంది.

"నువ్వేడికి బిడ్డా? కొత్త పెండ్లికూతురు గసోంటి ముచ్చట్లు నలుగుట్ల కూసోని వింటదా? నేను పోయి విని చెప్త," అంది అరుణమ్మ.

సాయంత్రం ఆమె హుషారుగా తిరిగొచ్చింది.

"హాలంత నిండింది. పక్కింటి ఆగమ్మ గూడ వచ్చింది. అందరం అత్తలమే. ఒక్క కోడలు రాలే, సిగ్గుగల్ల పిల్లలు."

"ఏం చెప్పిండ్రు అత్తమ్మా?"

"ఫోలిక్ గోలీలట. పుట్టబోయే బిడ్డ వెన్నుపూసకు మంచియట. నా నడుం నొప్పికి గూడ పనికొస్తయేమోనని ఒకటి ఏస్కున్న. నా రక్తం సూస్తే పన్నెండున్నది. ఇగ ఫికర్ లేదు, మనింట్ల రక్తం మంచిగున్నది."

అంటే యాభై ఆరేళ్ల అరుణమ్మ గర్భానికి అన్ని విధాలా సిద్ధం.

"మరి మోసుడు గూడ మీరేనా అత్తమ్మా?" అంది నిషిత.

బూట్లు విప్పుతున్న అనిల్ పకపకా నవ్వాడు. అరుణమ్మ నవ్వలేదు. "రాధమ్మ గూడ గిట్లనే అడిగింది," అని గొణిగింది.

మర్నాడు ముగ్గురూ రాధమ్మ దగ్గరికి వెళ్లారు. నిషితకు రక్తం ఎనిమిదే ఉంది.

"మూడు నెలలు మందులు వాడాలె. రక్తం పెరిగినంకనే పిల్లల ముచ్చట," అంది రాధమ్మ.

"మరి దసరాకు?" అంది అరుణమ్మ.

"దసరా మల్లొచ్చే ఏడు గూడ వస్తదమ్మా. అనిల్, నువ్వు గూడ చెయ్యి సాపు."

"నాకెందుకు?"

"పిల్లలు ఆమె ఒక్కతికే పుడ్తరా?"

సుల్తాన్‌పూర్‌ సిరంజీల ఫ్యాక్టరీలో రోజుకు వేల సూదులు ప్యాక్ చేయించే అనిల్, ఒక్క సూది చూసి కుర్చీ గట్టిగా పట్టుకున్నాడు. నిషితకు అతని మీద ప్రేమ ఇంకాస్త పెరిగింది.

ఇంటి ముందు ఆగమ్మ కాచుకుని ఉంది. "ఏమన్న విశేషమా, అరుణమ్మా?"

"ముందుగాల నా కోడలికి రక్తం పెరగాలె," అంది అరుణమ్మ, ఆ మాట మొదట్నుంచీ తనదే అయినట్టు. "నీ కోడల్ని గూడ తోల్కపో. నీ రక్తం సూపిచ్చుకుంటే ఏం లాభమే?"