అత్తగారి ఐవీ

"ఆదివారం అమ్మ పుట్టినరోజు. నేనొచ్చేలోగా పెరట్లో ఆ ఐవీ తీగ కాస్త కత్తిరించి పెట్టు," అని కాఫీ కప్పు సింకులో పడేసి, నా మొగుడు రస్ సాల్మన్ చేపల వేటకు వెళ్ళిపోయాడు. సింకు దాకా తెచ్చాడు, అదే గొప్ప.

నేను కత్తెర ముట్టలేదు. పలుగు తీశాను. పెరట్లో ఫర్ చెట్ల నీడంతా ఆక్రమించిన ఆ తీగను చూస్తే నాకు ముప్పై ఒక్క ఏళ్ళుగా ఒళ్ళు మండుతోంది. అంతకుముందు అక్కడ నా ట్రిలియం మొక్కలుండేవి. మా ఊరి అడవిని నరికేసే ముందు మా నాన్న తవ్వి తెచ్చిచ్చిన దుంపలు. మూడు రేకుల తెల్లటి పువ్వు. విత్తు నుంచి పూత రావడానికి ఏడేళ్ళు పడుతుంది. నేను కాన్పుకు ఆసుపత్రిలో ఉన్న నాలుగు రోజుల్లో మా అత్తగారు ఐలీన్ వాటిని పీకేసి ఐవీ నాటేసింది. పొట్ట మీద కుట్లతో, చేతిలో పసిపిల్లతో గుమ్మంలో నిలబడి చూశాను. ఒక్కటి మిగల్లేదు. "ఏవో అడవి మొక్కలు అమ్మాయ్. నీకోసమే, శుభ్రం చేసి పెట్టాను," అంది ఐలీన్. "అలా నిలబడ్డావేం? థాంక్స్ చెప్పు," అన్నాడు రస్. చెప్పాను. అలా చెప్పినందుకు నన్ను నేను ఈనాటికీ క్షమించుకోలేదు.

అప్పటినుంచీ ఆ ఐవీని కత్తిరించిందీ, అది చెట్ల మీదికి పాకి వాటిని చంపెయ్యకుండా కాపలా కాసిందీ నేనే. ఏటా దాని ముందు కుర్చీ వేయించుకుని ఫొటో దిగేది మాత్రం ఆవిడ. "మా అమ్మ చెయ్యి పడితే చాలు!" అని మురిసిపోయేవాడు రస్.

వానలకు మట్టి మెత్తబడింది. చిన్న వేరు మిగిలినా ఐవీ మళ్ళీ లేస్తుంది. అందుకే మోకాళ్ళ మీద కూర్చుని, వేళ్ళతో సహా లేపి, చాప చుట్టినట్టు చుట్టుకుంటూ పోయాను. వేరు తెగినప్పుడల్లా ఐలీన్ పేరు పెట్టి నోరారా తిట్టాను. ఎంత హాయిగా ఉందో! ఖాళీ అయిన నేలలో ఇక్కడి అడవి ఫెర్నులూ, వాటి మధ్య నర్సరీలో కొన్న లేత ట్రిలియం దుంపలూ నాటాను. అవి పూసేసరికి నాకు అరవై దాటుతాయి. దాటనీ.

శనివారం సాయంత్రం రస్ వచ్చాడు. చేపల పెట్టె గేటు దగ్గరే వదిలేశాడు.

"ఐవీ ఏది? నీకేమైనా పిచ్చా? రేపు అమ్మకేం చెప్పను?"

గోళ్ళలో మట్టి తీసుకుంటూ అన్నాను:

"ఆవిడ కోసమే శుభ్రం చేసి పెట్టానని చెప్పు. కుర్చీ ఎప్పటిచోటే వేస్తాను. కూర్చున్నాక, నాకు థాంక్స్ చెప్పమను."