యూరోపా మడమలు

“ఆడ నీళ్లుండాయో లేదో నీకెందుకే? ముందు ఈడ కొళాయిలో నీళ్లొచ్చినాయేమో సూడు.”

సైన్సుకు మా ఆయన యోగానంద ఇచ్చే గౌరవం అంత. నేను తిరుపతిలో ఒక యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్నాను. గురుగ్రహానికున్న చందమామల్లో యూరోపా ఒకటి. పైనంతా మంచు, అడుగున సముద్రం ఉందంటారు. ఎప్పుడో ఒక అంతరిక్ష నౌక తీసిన ఫొటోల్లో ఆ మంచు మీది పగుళ్లను పటంగా గీయడం నా పని. పెద్ద గ్రహం చుట్టూ తిరుగుతూ, దాని లాగుడుకు నలిగి నలిగి ఆ మంచు పగులుతుందట. ఇది సైన్సు. ఇందులో మా ఆయన ప్రసక్తి లేదు.

శుక్రవారం ఆ పటం కమిటీకి చూపించాలి. చూపించకపోతే నా సీటు పోతుంది. అదే శుక్రవారానికి మా అత్త వసంతమ్మ పోయి ఏడాది, మొదటి దివసం. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ కోడలు తడిచీరతో నిలబడి, నోట్లో నీళ్లయినా పోసుకోకుండా వండి ఆకులో పెట్టాలి. అది మా ఇంటి ఆనవాయితీ.

“నీ చందమామ యాడికీ పోదులే. కమిటీకి రానని సెప్పు,” అన్నాడాయన.

“సరే, అత్తకేమిష్టం?”

“అలసంద వడలు.” అవి ఆయనకిష్టం.

“నాటుకోడి పులుసు,” అన్నాడు మామ మునిరత్నం, పేపరు దించకుండానే. అది మామకిష్టం.

ఫోన్లో ఆడబిడ్డ రేవతి, “కజ్జికాయలు వదినా! అమ్మకు ప్రాణం,” అంది. వాళ్ల పిల్లలకు ప్రాణం.

అత్త అందరూ తిన్నాక మిగిలింది తినేది. అదీ పొయ్యి దగ్గర నిలబడే.

సాయంత్రం ఫొటో తెరిచాను. తెల్లటి మంచు మీద ఎర్రటి పగుళ్లు. ఎక్కడో చూసినట్టుంది. పెద్దది చేశాను. అత్త మడమ. ఇంకో ఫొటో తెరిచాను. రెండో మడమ. లైటు వేసినా పోలేదు. రోజూ నేను ఆముదం రాసిన పగుళ్లే, ఒక్కటీ తేడా లేదు. రాస్తుంటే కళ్లు మూసుకుని, “సల్లగా ఉండాదమ్మే,” అనేది. ఆమె కూర్చోగా నేను చూసింది ఆ కాసేపే.

బల్ల కింద నా కాళ్లు చూసుకున్నాను. మడమ అంచున సన్నటి గీత. నిన్న లేదు. ఉందేమో, చూసుకోలేదు.

హాల్లోకి వెళ్లాను.

“అత్తకేమిష్టమో తెలిసింది.”

“ఏందది?” అన్నాడాయన.

“కూర్చోడం. శుక్రవారం ఆమె ఫొటో ముందర కుర్చీ వెయ్యండి. నేను పొద్దున్నే యూనివర్సిటీకి పోతా ఉండా.”

మామ పేపరు దించాడు.

“మరి వడలెవురు సేస్తారే?” అన్నాడు మా ఆయన.

“ఎవరికిష్టమో వాళ్లు.”