కత్తి బాబాయి అడిగిన మాట

"ఊపిరి బిగపట్టకండి, మామూలుగా పీల్చండి. నేను కోసేవాణ్ణి కాదు, గీసేవాణ్ణి," అన్నాడు కత్తి బాబాయి.

మంచం మీద పడుకున్న లావుపాటి బస్సు డ్రైవరు నవ్వబోయి, నవ్వితే ఛాతీ కదులుతుందేమోనని ఆపుకున్నాడు. బాబాయి ఎడమ అరచేత్తో చర్మాన్ని పైకి లాగిపట్టి, మిషనును గొంతు గుంట దగ్గర మొదలుపెట్టి బొడ్డు దాకా నెమ్మదిగా దింపాడు. నెరిసిన వెంట్రుకలు చిన్న చిన్న ఉండలుగా చుట్టుకుని, పక్కన పరిచిన కాగితం మీద రాలాయి. వెంట్రుకలు పోయిన చోట చర్మం ఎప్పుడూ ఎండ చూడనట్టు తెల్లగా, పసిపిల్లల చర్మంలా బయటపడింది. ఎంత పెద్ద మనిషికైనా అంతే. గీసేసరికి అందరూ చిన్నపిల్లలైపోతారు.

ఆ పెద్దాసుపత్రిలో కత్తి పడబోయే ప్రతి ఒళ్లూ ముందు అతని చేతుల్లోంచి వెళ్లాల్సిందే. గుండెకైతే ఛాతీ, మోకాలికైతే కాలు, మెదడుకైతే తల. వయసులో ఉన్నప్పుడు "ఇక్కడ మొదటి కత్తి నాది, డాక్టరుగారిది రెండోది," అని ఒకసారి గొప్పకు పోయాడు. ఆ మాట పట్టుకుని నర్సులు పెట్టిన పేరే కత్తి బాబాయి. తర్వాత్తర్వాత, గాట్లు పడితే చీము పడుతుందని కత్తులు మాన్పించి మిషన్లు ఇచ్చారు. కత్తి పోయింది, పేరు మిగిలింది.

డ్రైవరు ఒంటి మీద తడిగుడ్డతో తుడిచి, కాగితాన్ని పొట్లంలా మడుస్తుంటే పొద్దున ఇంటి దగ్గర జరిగింది మళ్లీ గుర్తొచ్చింది.

అతను చెప్పుల్లో కాలు పెట్టబోతుంటే కూతురు గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఇంటర్ ఈ ఏడే పూర్తిచేసింది. మెడిసిన్‌లో సీటు వచ్చింది. చేరేదీ మానేదీ ఆ సాయంత్రంలోగా చెప్పాలి.

"నాన్నా, చేరమంటావా, వద్దంటావా?"

"నన్నడిగితే నాకేం తెలుసమ్మా?"

"రోజూ అక్కడే ఉంటావుగా. నీకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?"

వంటింట్లోంచి భార్య అందుకుంది. "తోటివాళ్లంతా సంపాదించుకుంటూ హాయిగా తిరిగే వయసుకి కూడా ఇది పుస్తకాలు మోస్తూనే ఉంటుంది. సరిగ్గా నిద్రపోయిన డాక్టరు ఒక్కరైనా కనిపించారా మీ ఆసుపత్రిలో? అడుగు మీ నాన్నని."

కూతురు వాళ్లమ్మ వైపు చూడలేదు. నాన్న మొహం వైపే చూసింది. అతను చెప్పుల వైపు చూశాడు. "సాయంత్రం చెప్తాలే," అని బయటపడ్డాడు.

దారి పొడుగునా ఆలోచించాడు. ముందు చూస్తే నుయ్యి, వెనక చూస్తే గొయ్యి. దుప్పట్ల గదిలో గోడకి ఆనుకుని నిలబడే నిద్రపోయిన కుర్ర డాక్టర్లను చూశాడు. చచ్చిపోయిన మనిషి తాలూకువాళ్లు చొక్కా పట్టుకుని లాగితే, చిరిగిన జేబుతోనే పక్క మంచం దగ్గరికి వెళ్లిన డాక్టరును చూశాడు. అది చూసినప్పుడల్లా నా పిల్ల మాత్రం వద్దు అనుకునేవాడు. కానీ ఎప్పుడో ఒకసారి, మందుల వాసన కొట్టే వరండాలో ఏ ముసలాయనో కర్ర లేకుండా నడుచుకుంటూ పోతుంటే, ఆ వెనక నిలబడి చూస్తున్న డాక్టరు మొహంలో ఏదో కనిపించేది. అలాంటిది బాబాయికి తన జన్మలో అద్దంలో కనిపించలేదు.

అసలు చిక్కేమిటంటే, అతనెప్పుడూ ముందు వచ్చేవాడే. తను గీసిన మనుషులు ఆపరేషన్ తర్వాత ఏమయ్యారో అతనికి తెలియదు. ఇన్నేళ్లలో ఎన్ని తలలు నున్నగా చేశాడో లెక్కలేదు. జుట్టు మళ్లీ పెరిగిందని చెప్పడానికి ఒక్కరూ తిరిగి రాలేదు. వాళ్లు రారనీ కాదు, వచ్చినా డాక్టరు దగ్గరికి వస్తారు గానీ క్షవరం చేసినవాడి దగ్గరికి ఎవరొస్తారు? సగం చూసినవాణ్ణి పూర్తి సంగతి అడిగితే ఏం చెప్తాడు?

సిస్టరు తలుపు దగ్గరికొచ్చి గొంతు తగ్గించి పిలిచింది. "బాబాయ్, ఆరో మంచం. తల మొత్తం తియ్యాలి." అటూ ఇటూ చూసి, "పెద్ద డాక్టరుగారు," అంది.

అతనికి తెలుసు. అందరికీ తెలుసు. మెదడు ఆపరేషన్లకి ఆ ఊళ్లో పేరున్న పెద్ద డాక్టరు కొన్ని వారాల కిందట రౌండ్స్‌లో, "స్కానింగ్ తీసుకురా" అనబోయి "గొడుగు తీసుకురా" అన్నాడట. జూనియర్లు హాస్యమనుకుని నవ్వారట. ఆయన మాత్రం నవ్వలేదు. తన మెదడులో ఏం పెరుగుతోందో అందరికంటే ముందు తెలిసినవాడు ఆయనే.

బాబాయికీ ఆయనకీ ఇన్నేళ్లలో మాటలు తక్కువ. "ఆ పక్క ఇంకాస్త" అనేవాడు, అంతే. ఒక్కసారి మాత్రం, ఒక ముసలమ్మ తల మీద గోరంత గాటు పడిందని ఆపరేషన్ వాయిదా వేసి, వరండాలో పదిమంది ముందూ బాబాయిని కడిగేశాడు. "నీ చెయ్యి వణికితే నా చెయ్యి ఆగిపోవాలి. తెలుసా?" కానీ 'నీ చెయ్యి', 'నా చెయ్యి' అని రెంటినీ ఒకే వరసలో పెట్టి మాట్లాడిన మనిషి ఆయనొక్కడే. అది మాత్రం మరిచిపోలేదు.

ఆరో మంచం మీద పెద్ద డాక్టరు, వెనక ముళ్లు వేసిన రోగుల అంగీతో, పాదాలు నేలకు ఆనీ ఆనకుండా కూర్చుని ఉన్నాడు. ఎప్పుడూ ఆకుపచ్చ టోపీలోనే చూసిన తల. ఒత్తుగా, దువ్విన పాయ చెదరకుండా ఉంది జుట్టు. పక్క కుర్చీలో ఆయన భార్య.

"నమస్కారమండీ," అన్నాడు బాబాయి.

ఆయన చెయ్యెత్తాడు. "రా. రా, గుమ్మం..." అని ఆగి కళ్లు మూసుకున్నాడు.

"మాటలు తారుమారవుతున్నాయి," అంది భార్య. "మనం అన్నదంతా అర్థమవుతుంది. ఆయన అనుకున్నది బయటికి రావడం లేదు."

బాబాయి మెడ చుట్టూ గుడ్డ కట్టాడు. నుదుటి మీద ఎడమచెయ్యి ఆనించాడు. తల వెచ్చగా ఉంది. ఏ తలైనా అరచేతికి అంతే వెచ్చగా, అంతే బరువుగా ఉంటుంది. మిషను నుదుటి మధ్యనుంచి వెనక్కి నడిపాడు. జుట్టు పాయలు పాయలుగా భుజాల మీద పడింది. డాక్టరు కదల్లేదు. చెవి వెనక మలుపు దగ్గర మాత్రం తనంతట తానే తల వంచి, ఆ చోటు వేలితో చూపించాడు. కోత పెట్టేది అక్కడేనని ఇద్దరికీ తెలుసు.

సగం తల అయ్యేసరికి బాబాయి నోట్లోంచి ఆ మాట దానంతటదే వచ్చేసింది. అడగాలని అనుకోలేదు. అడగడానికి ఇది సమయమూ కాదు.

"అయ్యా, మా అమ్మాయికి మెడిసిన్‌లో సీటొచ్చింది. చేర్పించమంటారా?"

డాక్టరు గభాలున తిరిగాడు. మిషను పక్కకి తీయకపోతే గీసుకునేదే. ఆ కళ్లలోకి పాత మనిషి వచ్చాడు. కొన్ని వారాలుగా అందరూ ఆయనకి ఎలా ఉందని అడుగుతున్నారే గానీ, ఏం చెయ్యమంటారని అడిగినవాళ్లు లేరు.

"అమ్మాయి," అన్నాడు స్పష్టంగా. బాబాయి చెయ్యి లాక్కుని, వేళ్లు విడదీసి, తన చేతి పక్కన పెట్టి చూపించాడు. "అమ్మాయి... చెయ్యి. చెయ్యి ముందు... మెట్లు. కాదు. మెట్లు కాదు."

"చేరమంటున్నారా?" అంది భార్య.

అడ్డంగా తల ఊపాడు.

"వద్దంటున్నారా?"

ఇంకా గట్టిగా ఊపాడు. ఆయన చెప్పదలచుకున్నది అవునూ కాదూ అన్నంత పొట్టి మాట కాదు. దానికి ముందూ వెనకా ఏదో ఉంది. పెదవులు కదిలాయి, గొంతు నరం పొంగింది, పిడికిలితో తొడ మీద కొట్టుకున్నాడు. చివరికి ఎంతో బరువు ఎత్తినట్టు, "బస్సు," అన్నాడు. అన్న మాట తన చెవులకే వినపడింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"వద్దులెండయ్యా. నాదే తప్పు. అడగకూడని వేళ అడిగాను."

ఆయన బాబాయి మణికట్టు వదల్లేదు. చాలాసేపు పట్టుకుని, తర్వాత తనే వదిలేసి తల ముందుకు వంచాడు. సగం గుండు, సగం జుట్టు. మిగతా సగం బాబాయి పూర్తిచేశాడు.

కాగితం పొట్లం పట్టుకుని బయటికొస్తుంటే ఆయన భార్య వరండాలోకి వచ్చింది. "మీరు బాధపడకండి. అడిగినందుకు ఆయనకి సంతోషమే వేసింది." వెనక్కి తిరిగి మంచం వైపు చూసింది. "నన్నడిగితే నేనూ చెప్పలేను. పిల్లలు పుట్టినప్పుడు లేడు, వాళ్లకి జ్వరమొచ్చినప్పుడు లేడు. ఇంట్లో ఉన్నా సగం ఇక్కడే ఉండేవాడు. ఇంకో పనేదైనా చేసుంటే బాగుండేదని వెయ్యిసార్లు అనుకున్నాను. ఇంకో పని చేసుంటే ఈయన ఈయనే కాడు."

అంతలో చిన్న డాక్టరమ్మ ఆరో మంచం దగ్గరికి వచ్చింది. ఆయన దగ్గరే నేర్చుకున్న పిల్ల. ఇవాళ ఆయన తల తెరవాల్సింది ఆవిడే. "వెళ్దామా సార్?" అంది. పెద్ద డాక్టరు ఆవిడని దగ్గరికి రమ్మని, చెవి దగ్గర వదులైన మాస్కు తాడు సరిచేశాడు. తర్వాత స్ట్రెచరు బండి మీద వెల్లకిలా పడుకున్నాడు. లిఫ్టు తలుపులు మూసుకున్నాయి.

మధ్యాహ్నం బాబాయి పని చేస్తూనే ఉన్నాడు. ఒక టైలరమ్మ మోకాలు. ఒక పంతులుగారి పొట్ట. "అన్నీ తీసేయ్ నాయనా, మొహమాటపడకు," అన్నాడు పంతులుగారు. లిఫ్టు చప్పుడైనప్పుడల్లా బాబాయి చెయ్యి ఆగింది.

కిటికీలో ఎండ పసుపురంగు తిరిగే వేళకి సిస్టరు వచ్చి పంతులుగారి చీటీ సరిచూసింది. వెళ్లబోతూ, తలుపు వైపు తిరిగే అంది. "బాబాయ్, ఆరో మంచం దుప్పటి మార్పిస్తున్నాను. ఆయనిక రారు."

అతను పంతులుగారి పొట్ట మీద మిగిలిన వెంట్రుకలు ఊదాడు.

మిషను కడుక్కుని, చెయ్యి కడుక్కుని, వెనక మెట్ల మీదుగా దిగుతుంటే కింది మలుపులో కూతురు కనిపించింది. ఆమెకి పక్క మెట్టు మీద చిన్న డాక్టరమ్మ కూర్చుని ఉంది. ఆకుపచ్చ బట్టలు మార్చుకోలేదు. చెప్పులు ఎక్కడో విడిచేసింది, కాళ్లు ఉబ్బి ఉన్నాయి. కూతురి నీళ్ల సీసా ఆవిడ చేతిలో ఉంది. తాగడం మరిచిపోయి పట్టుకుని ఉంది.

కూతురికి ఆవిడెవరో తెలియదు. బట్టలు చూసి డాక్టరని మాత్రం గుర్తుపట్టింది. "మేడమ్, నాకు మెడిసిన్‌లో సీటొచ్చింది. చేరడం మంచిదేనా?" అని అడుగుతోంది. బాబాయి ఆపేలోపే అడిగేసింది.

డాక్టరమ్మ తలెత్తి చూసింది. "రేపు అడుగు," అంది. "ఇవాళ అడక్కు." సీసా తిరిగిచ్చి, గోడ పట్టుకుని లేచి, ఉత్త కాళ్లతోనే పైకి వెళ్లిపోయింది. ఇంకో ఆపరేషన్ ఉంది కాబోలు.

బాబాయి ఆవిడ లేచిన చోట కూలబడ్డాడు. మెట్టు ఇంకా వెచ్చగానే ఉంది.

"అమ్మా, నేను చెప్పలేనే. పొద్దుట్నించీ చూస్తున్నాను. ఒకరినడిగాను కూడా. చెప్పాలని చాలా చూశాడాయన."

"నువ్వు చెప్పలేవని నాకు తెలుసు నాన్నా," అంది కూతురు. "చేరతానని మధ్యాహ్నమే చెప్పేశాను. నీకు చెప్పి నీతో ఇంటికి వెళ్దామనే వచ్చాను."

అతను తల ఊపాడు. మంచిదన్నట్టా, సరేనన్నట్టా, అతనికే తెలియలేదు. పిల్ల మొహం వెలిగిపోతోంది. ఆ వెలుగుని ఆర్పే మాటలు అతని దగ్గర చాలా ఉన్నాయి. దాన్ని కాపాడే మాట మాత్రం ఒక్కటీ లేదు. ఇన్ని తలలు పట్టుకున్న చెయ్యి కూతురి తల మీద పెడదామని లేపి, మధ్యలోనే దించేశాడు.

"ఇక్కడే ఉండు. అన్నం డబ్బా తెచ్చుకుంటా."

వార్డులో ఆరో మంచం మీద కొత్త దుప్పటి మడతలు ఇంకా విడిపోలేదు. కుర్చీ ఖాళీగా ఉంది. ఆయనతో పాటే ఆవిడా వెళ్లిపోయినట్టుంది. సామానంతా తీసుకెళ్లారు. కిటికీ గట్టు మీద ఒక్కటి మిగిలిపోయింది. గుండు తలకి చలి తగలకుండా తెచ్చిపెట్టుకున్న ఊదారంగు ఉన్ని టోపీ. కొలత సరిపోతుందో లేదో చూడనే లేదు కాబోలు, అంచున కొట్టువాళ్ల చీటీ దారంతో ఇంకా వేలాడుతోంది.